జములమ్మ ఖాళీ చెయ్యలేదు

పెళ్లయిన ముప్పై ఏళ్లలో జములమ్మ తొమ్మిది అద్దె ఇళ్లు మారింది. మామూలు సంసారమైతే సామాను ఆటోలో వేసుకుని పోతుంది. నేత సంసారానికి అంత సులువు కాదు. గుంట మగ్గం కావాలంటే, నేసే మనిషి కాళ్లు దిగేంత గొయ్యి ఇంట్లో నేలను తవ్వి చేసుకోవాలి. ఇల్లు ఖాళీ చేసే రోజున ఆ గొయ్యి పూడ్చి, పైన సిమెంటు పూసి, ముందెట్లా ఉండేదో అట్లా అప్పగించాలి. గద్వాల పాత ఊరిలో తొమ్మిది ఇళ్లలో ఆమె తవ్విన గుంటలున్నాయి, ఆమే పూడ్చిన గుంటలున్నాయి.

తొమ్మిదో ఇంటి యజమానురాలు సుగుణమ్మ ఒకనాటి పొద్దున వచ్చి గడపలో నిలబడింది. కరోనా సద్దుమణిగిన ఏడాది అది.

"ఇల్లంత టైల్స్ ఏపిస్తున్నం జములమ్మా. మేస్త్రి రేపు వస్తుండు. గుంట పూడ్చి ఇయ్యుండ్రి."

"చీర సగంల ఉంది అక్కా. జర నాలుగు దినాలు ఆగు, దించుకుంట."

"మేస్త్రి నీ చీర కోసం ఆగుతడా? మళ్లెప్పుడు దొరుకుతడో ఏమో."

జములమ్మ భర్త చెన్నయ్య బతిమాలబోయాడు. ఆయన ఎప్పుడూ అంతే, గొడవ వస్తుందంటే ముందు చేతులు జోడిస్తాడు. జములమ్మ మాత్రం లోపలికి పోయి కత్తెర తీసుకుని పడుగు కోసేసింది. ఒళ్లంతా తెల్లని నూలు, అంచుకు నెమలికంఠం రంగు పట్టు ఉన్న చీర. నూలుకూ పట్టుకూ పోగు పోగునా ముడి కలుపుతూ మూడు రోజులు నేసింది. ఆ ముక్కను మడిచి ట్రంకు పెట్టెలో పెట్టి, భర్త వైపు తిరిగి అన్నది: "గిదే ఆఖరు. ఇంక ఎవ్వరి ఇంట్లనూ నేను గుంట తవ్వ."

సొంత ఇల్లు కొనుక్కుందామంటే ఊరిలో గజం ధర వినడానికే భయంగా ఉంది. ఇంటికి వచ్చే ఆదాయం రెండు రకాలు. ఒకటి నేత కూలి, రెండోది కూతురు రోజా జీతం. రోజా కర్నూలులో ఒక ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది. రోజూ పొద్దున రైలెక్కి పోయి, సాయంత్రం రైలులో వస్తుంది. ఆ పిల్ల ఒకరోజు స్టేషన్ బయట చూసిన పెద్ద బోర్డు ఫొటో తీసుకొచ్చింది. 'కృష్ణవేణి హైట్స్. గద్వాల స్టేషన్‌కు నడిచి ఎనిమిది నిమిషాలు. మధ్యతరగతికి అందుబాటు ధరలో రెండు పడకగదుల ఫ్లాట్లు.'

"మనకు అపార్ట్‌మెంట్ ఏంది?" అన్నాడు చెన్నయ్య. "మగ్గం గాలిల ఏలాడదీసుకుంటమా?"

"కింది ఫ్లాటు తీసుకుందాం. గుంట లేకుంట నేల మీద నిలబెట్టే స్టాండు మగ్గాలు వచ్చినయి కద. నీ మోకాళ్లకు గూడ మంచిదే," అంది రోజా తల్లితో.

"బ్యాంకోళ్లు మనకిస్తరా?"

"నాకిస్తరు నాయినా," అంది రోజా. "ప్రతి నెలా జీతం పడుతుంది కద."

అప్పటికి అక్కడ అపార్ట్‌మెంటు లేదు. స్టేషన్ దాటాక జొన్న చేల మధ్య చదును చేసిన నేల, ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డే ఆఫీసు. బిల్డరు ప్రేమ్ కుమార్‌ది వనపర్తి. హైదరాబాదులో పదేళ్లు ప్లాట్లు అమ్మిన అనుభవం. ఐదు అంతస్తులు, అంతస్తుకు ఆరు ఫ్లాట్లు అని గోడ మీది బొమ్మ చూపించాడు. పట్టణంలో అపార్ట్‌మెంట్లు కొత్త, లిఫ్టు మీద జనానికి నమ్మకం లేదు. అందుకని మొదట డబ్బు కట్టిన ఆరుగురూ కింది అంతస్తే అడిగారు. జములమ్మకు మూడో నంబరు వచ్చింది. ఆమె మెడలోని రెండు తులాల గుండ్లు అందుకే పోయాయి.

ఒక్క విషయంలో మాత్రం ఆమె పట్టుపట్టింది. ప్రేమ్ కుమార్ రసీదు రాసిచ్చి సరిపెట్టబోతే తీసుకోలేదు.

"తొమ్మిది మంది ఇంటోళ్ల నోటి మాటలు ఇన్న సారూ. అగ్రిమెంటు రిజిస్టర్ ఆఫీసుల జేసియ్యాలె."

బుకింగులు లేక అల్లాడుతున్న రోజులు. ప్రేమ్ కుమార్ నవ్వుతూ చేసిచ్చాడు. అది చూసి పక్క ఫ్లాటు తీసుకున్న బాలస్వామి కూడా చేయించుకున్నాడు. ఆయన నాగర్‌కర్నూలు మనిషి, రిటైరైన బస్సు కండక్టరు. కూతురిని రాయచూరు ఇచ్చారు, రైలుకు దగ్గరగా ఉంటే పోయి రావచ్చని ఇక్కడ కొన్నాడు. మిగతా నలుగురూ రసీదులతోనే ఊరుకున్నారు.

*

రెండేళ్లు గడిచాయి. జములమ్మ సుగుణమ్మ ఇంట్లోనే అద్దెకు ఉంటూ, నేయడానికి మాత్రం వేరేవాళ్ల మగ్గం దగ్గరికి పోయింది. ఐదు అంతస్తులూ లేచాయి, గోడలు వచ్చాయి. ఈలోగా స్టేషన్ అవతల లోకమే మారిపోయింది. రోడ్డు వెడల్పవుతుందన్నారు, కాలేజీ వస్తుందన్నారు. నిజమెంతో ఎవరికీ తెలియదు గాని జొన్న చేలన్నీ హద్దురాళ్లు పాతిన ప్లాట్లయ్యాయి. ఫ్లాటు ధర దాదాపు రెండింతలైంది. పైఅంతస్తులకు ఇప్పుడు పోటీ పడుతున్నారు.

అప్పుడు ప్రేమ్ కుమార్ మొదటి ఆరుగురినీ పిలిపించాడు. చాయ్ ఇప్పించాడు, ఉస్మానియా బిస్కెట్లు పెట్టించాడు.

"ప్లాను మారింది. కింద దుకాణాలొస్తున్నయి. మీ పైసలు మీకు వడ్డీతో సహా వాపసు ఇస్త. సంతకం పెట్టి చెక్కు తీస్కపోండ్రి."

నలుగురు గొణిగారు, లెక్కలు వేసుకున్నారు, సంతకాలు పెట్టారు. జములమ్మ చాయ్ కప్పు కింద పెట్టింది.

"నాకు చెక్కు వద్దు. ఇల్లు గావాలె."

"ఇల్లు లేదమ్మా. దుకాణం కడుతున్న."

"అయితే నా ఇంటి మీద దుకాణం ఎట్ల గడ్తవో నేను జూస్త."

బాలస్వామి ఆమె ముఖం చూసి, తన ముందున్న చెక్కును కూడా వెనక్కి జరిపాడు.

తర్వాతి వాయిదా కట్టడానికి రోజా పోతే ఆఫీసులో తీసుకోలేదు. కట్టలేదన్న సాకుతో అగ్రిమెంటు రద్దు చేద్దామన్నది వాళ్ల ఎత్తు. జములమ్మ బ్యాంకుకు పోయి డ్రాఫ్టు తీయించి రిజిస్టర్డ్ పోస్టులో పంపింది. అది తిరిగొచ్చింది. మళ్లీ పంపింది. మళ్లీ తిరిగొచ్చింది. పోస్టాఫీసు ముద్రలున్న ఆ కవర్లను ఆమె చింపకుండా దాచింది.

ఇట్లా లొంగదని తెలిశాక ఒత్తిడి ఇంకో దారిలో వచ్చింది. జములమ్మకు నూలూ పట్టూ ఇచ్చి, నేసిన చీర తీసుకుని కూలి ఇచ్చే షావుకారు శివశంకర్. పద్దెనిమిదేళ్లుగా ఆయన దగ్గరే పని. ఆయన కబురు పెట్టి కూర్చోబెట్టాడు.

"ప్రేమ్ కుమార్ మనోడే జములమ్మా. నలుగురూ తీస్కున్నరు, నువ్వొక్కదానివి ఎందుకు అడ్డం బడుతున్నవు?"

"నేను అడ్డం బడలే షావుకారూ. నా జాగల నేనున్న."

"చూడు, నేనాయనకు మాటిచ్చిన. నువ్వు ఇనకపోతే వచ్చే నెల నుంచి నీకు నూలు ఇచ్చుడు కష్టం."

పద్దెనిమిదేళ్లు. పండక్కి, జబ్బుకు, పిల్ల చదువుకు ఆదుకున్న చెయ్యి అదే. కాని ఆ చెయ్యే ఇప్పుడు తనను వంచాలని చూస్తోందని కూడా ఆమెకు తెలుస్తూనే ఉంది.

"కష్టమైతే ఇయ్యకు," అని లేచింది. "నీ నూలు నీది. నా ఇల్లు నాది."

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పింది. చెన్నయ్య భయపడతాడు, పోయి కాళ్లు పట్టుకుందామంటాడు అనుకుంది. కాని ఆయన, "స్టాండు మగ్గానికి టేకు చెక్క గావాలె," అన్నాడు. "నేను నిలబడి బిగిస్త. నీకు గట్టిగ ఉండాలె."

పది రోజులు వడ్రంగి దగ్గరే కూర్చుని మగ్గం చేయించాడు. రోజా జీతంలోంచి నూలు, పట్టు, జరీ తెచ్చారు. పెళ్లయ్యాక మొదటిసారి ఆ ఇంట్లో పరాయి సొత్తు కాని పడుగు తయారైంది.

*

ఒక సోమవారం పొద్దున ట్రాలీ ఆటోలో మగ్గం చెక్కలు వేసుకుని ముగ్గురూ కృష్ణవేణి హైట్స్‌కు పోయారు. బాలస్వామి ముందే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. వాచ్‌మన్ అడ్డం రాబోతే, "రిజిస్టర్ అగ్రిమెంటు ఉన్నోళ్లం తమ్మీ. మా ఇల్లు ఎంతదాక వచ్చిందో సూడ వచ్చినం," అని పక్కకు జరిపాడు.

మూడో నంబరు ఫ్లాటుకు తలుపు లేదు, కిటికీలు లేవు. నేల గరుకు సిమెంటు. జములమ్మ గుమ్మంలో ఒక్క నిమిషం నిలబడి లోపలికి చూసింది. హాలు, రెండు గదులు, వంటిల్లు. వెలుతురు బాగా పడే పెద్ద గదిని మగ్గానికి ఎంచుకుంది. చెన్నయ్య బోల్టులు బిగించాడు, పడుగు ఎక్కించాడు. మధ్యాహ్నానికి పడుగు మధ్య నాడె అటూ ఇటూ ఆడసాగింది. పై అంతస్తులో పూత పని చేస్తున్న కూలీలు ఆ చప్పుడు విని మెట్ల మీద నుంచి తొంగి చూశారు.

గంటలో కారు వచ్చింది. ప్రేమ్ కుమార్ ముఖం కందగడ్డలా ఉంది.

"ఎవర్ని అడిగి పెట్టినవమ్మా గీడ?"

"నా ఇంట్ల నా మగ్గం పెట్టుకునేటందుకు ఎవర్ని అడగాలె సారూ?"

"నీ ఇల్లు ఎట్లయితది? ఇంకా రిజిస్ట్రేషన్ గాలే!"

"అయితే జెయ్యి. ఇయ్యాలే పోదాం పా. ఆధార్ కార్డు గూడ తెచ్చుకున్న."

ఆయన కూలీల వైపు తిరిగాడు. "తీసి బయట పెట్టుండ్రి దీన్ని!"

కూలీలు అచ్చంపేట వైపు నుంచి వచ్చినవాళ్లు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్ద మేస్త్రి చేతికున్న సిమెంటు తుడుచుకుంటూ అన్నాడు: "నేస్తున్న మగ్గాన్ని మేం ముట్టం సారూ. గోడ కట్టుమంటే కడ్తం. ఒకరి కడుపు మీద కొట్టుమంటే మాతోని గాదు."

"పోలీసుల్ని పిలుస్త!"

"పిలువు," అంది జములమ్మ, నాడె ఆపకుండానే. "నా అగ్రిమెంటు, నువ్వు తీస్కోక వాపసొచ్చిన డ్రాఫ్టులు అన్నీ సంచిలున్నయి. సూపిస్త."

ఆయన పిలవలేదు. ప్లానులో లేని దుకాణాల సంగతి బయటికొస్తే ఎవరికి ముప్పో ఆయనకు తెలుసు.

ఆ రోజు నుంచి జములమ్మ పొద్దున టిఫిన్ డబ్బాతో వచ్చి సాయంత్రం దాకా అక్కడే నేసింది. పగలు ఆమె, ఆమె లేని వేళ చెన్నయ్య. బిల్డరు మనుషులు ముందు కరెంటు తీశారు. కిటికీ వెలుతురు చాలన్నది. నీళ్లు ఆపారు. బిందెతో తెచ్చుకుంది. గుమ్మానికి అడ్డంగా ఇసుక పోయించారు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఇసుక కుప్ప ఎక్కి దిగింది. యాభై రెండేళ్ల మనిషి రోజూ అట్లా ఎక్కి దిగుతుంటే కూలీల ఆడవాళ్లే చూడలేక పారలతో పక్కకు తోసి దారి చేశారు.

ఒక్కరోజు మాత్రం ఆమె ఏడ్చింది. గాలివాన వచ్చి, కిటికీకి కట్టిన ప్లాస్టిక్ పట్ట చిరిగిపోయింది. ఐదు రోజుల పని మీద సిమెంటు నీళ్లు కారాయి. ఎర్రంచు పట్టు మీద బూడిద మరకలు. మగ్గం ముందు కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే, బాలస్వామి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"చెల్లె, పోనీ పైసలే తీస్కుందమా?" అన్నాడు. "నాకు గూడ ఓపిక అయిపోతున్నది."

జములమ్మ కళ్లు తుడుచుకుంది. "నీకు తీస్కోవాలనుంటే తీస్కో అన్నా. తప్పేం లేదు. నేను మాత్రం గీ చీర ఇప్పి మళ్ల నేస్త."

బాలస్వామి తీసుకోలేదు. మర్నాడు కొత్త పట్ట తెచ్చి తనే కట్టాడు.

ఆదివారాలు పైఅంతస్తుల ఫ్లాట్లు చూడటానికి కుటుంబాలు వచ్చేవి. అమరచింత నుంచి, రాజోలి నుంచి, పిల్లల చదువులకని, రైలు దగ్గరని వచ్చేవాళ్లు. మగ్గం చప్పుడు విని గుమ్మంలో ఆగేవాళ్లు. ఆడవాళ్లు అంచు తాకి చూసేవాళ్లు. తలుపులు లేని ఇంట్లో ఎందుకు నేస్తున్నావని అడిగేవాళ్లు. జములమ్మ ఉన్నదున్నట్టు చెప్పేది. ప్రేమ్ కుమార్‌ను తిట్టేది కాదు.

"నేను అందరికంటే ముందు పైసలు గట్టిన. ధర పెరగంగనె నన్ను పొమ్మంటుండు. మీరు కొనుండ్రి, ఇల్లు మంచిగనే కట్టిండు. గని రసీదు నమ్మకుండ్రి. అగ్రిమెంటు రిజిస్టర్ చేసిస్తడా అని అడుగుండ్రి."

వాళ్లు మెట్లెక్కి పైకి పోయి అదే అడిగేవాళ్లు. కొందరు మళ్లీ రాలేదు. అమ్మకాల మనిషి వచ్చి చేతులు జోడించి, "ఆదివారం ఒక్కనాడు రాకు పెద్దమ్మా," అని వేడుకున్నాడు. ఆమె ఆదివారం ఇంకో గంట ముందే వచ్చింది.

ఈలోగా రోజా ఊరుకోలేదు. రైలులో పోతూ వస్తూ ఫోనులోనే, బిల్డర్ల మీద విచారణ జరిపే రెరాకు ఫిర్యాదు రాసింది. అగ్రిమెంటు, వాపసు వచ్చిన కవర్లు, మొదటి ప్లాను, అన్నీ జత చేసింది. విచారణకు పిలుపొచ్చింది. జములమ్మ, రోజా, బాలస్వామి రైలెక్కి హైదరాబాదు పోయారు. ప్రేమ్ కుమార్ తరఫున నల్లకోటు వకీలు వచ్చాడు. వీళ్ల తరఫున వీళ్లే.

వకీలు మెత్తగా మాట్లాడాడు. "కట్టిన మొత్తం వడ్డీతో సహా ఇస్తామంటున్నాం. ఆమెకు నష్టమేమీ లేదు."

అధికారి జములమ్మ వైపు చూశాడు. "మీరేమంటారమ్మా? డబ్బు తీసుకోవడానికి అభ్యంతరమేంటి?"

దారి పొడుగునా రోజా చెప్పించిన సెక్షన్లన్నీ ఆమెకు మరుపొచ్చాయి. ఉన్న మాటే అంది.

"సారూ, ఆయన నాకు వడ్డీ అమ్మలే. ఇల్లు అమ్మిండు. ఆ పైసలు తీస్కోని నేను పదో ఇంట్ల గుంట తవ్వుకోవాలె. ఇయ్యాల గద్వాలల ఆ పైసలకు వంటిల్లు గూడ రాదు. ధర తగ్గుతుండె అనుకో, నేను వచ్చి నా పైసలు నాకియ్యి అంటే ఇస్తుండెనా? పెరిగితె ఆయనది, తగ్గితె నాదా?"

వకీలు కాగితాలు సర్దుకున్నాడు. మరో రెండు వాయిదాల తర్వాత తీర్పొచ్చింది. అనుమతి పొందిన ప్లానులో దుకాణాలు లేవు, ఈ ఇద్దరికీ వాళ్ల ఫ్లాట్లు పూర్తి చేసి రిజిస్ట్రేషన్ చేసివ్వాలి. ప్రేమ్ కుమార్ ఇంకో నాలుగు నెలలు నాన్చాడు. తలుపులు పెట్టించే పని కూడా ఆమె మగ్గం పక్కనే, ఆమె నేస్తుండగానే జరిగింది.

రిజిస్టర్ ఆఫీసులో ఫొటో దిగి, వేలిముద్ర వేసి బయటికొచ్చాక ప్రేమ్ కుమార్ ఆమె ముందు ఆగాడు. "పదమూడేండ్ల నుంచి గీ ధందల ఉన్న. నీ అసొంటి మొండి మనిషిని చూడలే."

"మస్తుమంది ఉంటరు సారూ," అంది జములమ్మ. "గతిలేక పైసలు తీస్కపోయిండ్రు, గందుకే నువ్వు చూడలే."

*

చెక్కులు తీసుకున్న నలుగురిలో ముగ్గురికి ఇప్పటికీ సొంత ఇల్లు లేదు. వాళ్ల దగ్గర ఉన్నవి రసీదులే, పైగా సంతకాలు పెట్టేశారు కాబట్టి ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ఒకామె దారిలో కనబడ్డప్పుడల్లా జములమ్మతో మాట్లాడకుండా తల తిప్పుకుంటుంది. జములమ్మకు అది బాధే.

శివశంకర్ షావుకారు మళ్లీ నూలు ఇవ్వలేదు, ఆమె అడగలేదు. తన నూలుతో తనే నేస్తుంది. రోజా ఫొటోలు తీసి ఫోనులో పెడుతుంది. ఒక నెల నాలుగు చీరలు పోతాయి, ఒక నెల ఒక్కటీ పోదు. అట్లాంటి నెలల్లో బ్యాంకు వాయిదా రోజా జీతాన్ని సగానికి పైగా మింగేస్తుంది, పప్పు పలచనవుతుంది. చెన్నయ్యకు మాత్రం ఇల్లు తెగ నచ్చింది. సాయంత్రం కుర్చీ వేసుకుని రైళ్ల టైముల్లో తప్పులు పట్టుకుంటూ కూర్చుంటాడు.

పోయిన చలికాలంలో అపార్ట్‌మెంటు సంఘం పెట్టుకున్నారు. సరిగ్గా ఆమె పైన ఉండే శ్రవణ్ కుమార్ దానికి అధ్యక్షుడు. ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. మొదటి మీటింగులోనే మగ్గం మాట తెచ్చాడు.

"అపార్ట్‌మెంటన్నాక పద్ధతులుంటయి ఆంటీ. పొద్దున ఆరుకే చప్పుడు. మా పాప నిద్ర లేస్తున్నది. ఇండ్లల్ల గిట్ల పనులు పెట్టొద్దని రూలు రాసుకుందాం."

పదిహేను మంది కూర్చున్నారు. కొందరు తలూపారు. బాలస్వామి లేవబోతే జములమ్మ చెయ్యి అడ్డం పెట్టి తనే లేచింది.

"పాప నిద్ర లేస్తుంది అన్నవు, అది నిజం బాబూ. నాకు తెల్వదు, చెప్పినవు కాబట్టి తెలిసింది. రేపటి నుంచి ఏడుకు ముందు నాడె ముట్ట." అందరి ముఖాలూ చూసింది. "గని ఏడైనంక ఆప. రూలు రాసుకుంటే రాసుకోండ్రి. నేను సంతకం బెట్ట."

శ్రవణ్ కుమార్ రూలు రాయకుండానే రిజిస్టరులో పేజీ తిప్పాడు. తర్వాత లిఫ్టు ఖర్చు సంగతి మొదలుపెట్టాడు. కింది అంతస్తు వాళ్లం లిఫ్టుకు డబ్బెందుకు కట్టాలని జములమ్మ మళ్లీ లేచింది.